లోమన్ కుటుంబం కూలింది బోస్టన్ హోటల్ గదిలోనా, అంతకు ముందేనా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ పాఠకుడు

బెంగళూరులో మేము కొందరు తెలుగువాళ్ళం నెలకొక ఆదివారం మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ హాల్లో కూర్చుని, ఒక నాటకాన్ని పాత్రలు పంచుకుని పైకి చదువుకుంటూ ఉంటాము. ఈసారి ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ తీసుకున్నాము. సంభాషణలను మాలో ఒకరు తెలుగులో రాసిపెట్టారు. 1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని మొరాస్కో థియేటర్‌లో మొదలై 742 ప్రదర్శనలు ఆడిన నాటకం, ఆ ఏడాదే పులిట్జర్ బహుమతి పొందిన నాటకం కాబట్టి దాని గొప్పతనాన్ని నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మా పేచీ వేరు.

చదవనివారి కోసం రెండు ముక్కల్లో కథ చెబుతాను. విల్లీ లోమన్‌కు 63 ఏళ్ళు. సరుకుల పెట్టెలు కారులో వేసుకుని ఊళ్ళు తిరిగి ఆర్డర్లు తెచ్చే ఉద్యోగం. పెద్దకొడుకు బిఫ్ స్కూల్లో ఫుట్‌బాల్ వీరుడు. యూనివర్సిటీలు పిలిచి సీటిస్తామన్నాయి. అలాంటివాడు 34 ఏళ్ళు వచ్చినా ఎక్కడా నిలదొక్కుకోలేక ఇంటికి తిరిగి వస్తాడు. తండ్రీకొడుకులు ఒక గదిలో పది నిమిషాలు కూర్చుంటే గొడవ. ఎందుకన్నది రచయిత చివరిదాకా దాచి, బోస్టన్ హోటల్లో తండ్రిని మరో స్త్రీతో కొడుకు చూసిన దృశ్యాన్ని రెండో అంకం చివర్లో మన ముందు పెడతాడు.

మాలో సగంమంది అదే మూలకారణం అంటున్నారు. నేనూ అటే మొగ్గుతున్నాను. ఆ స్త్రీ నవ్వు మొదటి అంకంలోనే వినిపిస్తుంది, భార్య లిండా మేజోళ్ళు కుడుతుంటే విల్లీ అకారణంగా విరుచుకుపడతాడు, పక్కింటి బెర్నార్డ్ బోస్టన్‌లో ఏం జరిగిందని అడిగితే ముఖం మాడ్చుకుంటాడు. ఇన్ని ఆనవాళ్ళు వరసగా పేర్చి చివర్లో ముడి విప్పిన రచయిత, జవాబు అదేనని చెప్పినట్టే కదా? కానీ అలా ఒప్పుకుంటే ఇది ఒక మగవాడు దారి తప్పిన కథగా కుదించుకుపోతుంది. ముప్ఫై ఏళ్ళకు పైబడిన ఉద్యోగం, పాతికేళ్ళ ఇంటి అప్పు, యజమాని కొడుకు చేతిలో ఊడిన కొలువు, ఇవన్నీ తెర మీది బొమ్మల్లా వెనక్కి పోతాయి. నేను బిఫ్ పాత్ర చదువుతున్నాను. హోటల్ దృశ్యానికి ఎంత బరువు ఇవ్వాలో తేలకపోతే చివరి తగాదా ఏ గొంతుతో చదవాలో కూడా తేలదు. నాటకాన్ని చూసినవారు, చదివినవారు చెప్పగలరు.


జవాబు: మల్లేశ్వరం ప్రేక్షకుడు

బోస్టన్‌కు బిఫ్ ఎందుకు వెళ్ళాడన్న సంగతి నుంచి మొదలుపెడితే మీ ముడి సగం వదులవుతుందని నా అభిప్రాయం. అతను లెక్కల్లో తప్పాడు. 65 రావలసినచోట 61 వచ్చాయి. ఆ నాలుగు మార్కులు తండ్రి వచ్చి మాస్టారితో మాట్లాడితే వస్తాయన్న నమ్మకంతో రైలెక్కాడు. చదవకపోతే తప్పుతావని బెర్నార్డ్ మొత్తుకున్నప్పుడు ఆ పిల్లవాణ్ణి ఎగతాళి చేసింది విల్లీ. కొడుకు స్కూలు బంతిని ఎత్తుకొచ్చినప్పుడు చొరవ గలవాడని మెచ్చుకుంటారులే అని నవ్వింది విల్లీ. చదువు కంటే నలుగురికీ నచ్చడం ముఖ్యమన్న పాఠం ఆ ఇంట్లో అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పూర్తయింది.

హోటల్ గదిలో జరిగింది దగ్గరగా చూడండి. లెక్కల మాస్టారికి తనంటే ఎందుకు పడదో చెప్పడానికి బిఫ్ ఆయన నత్తి మాటను అనుకరించి చూపిస్తాడు. తాను క్లాసులో అలా చేస్తుండగా ఆయన లోపలికి వచ్చాడంటాడు. తండ్రి పగలబడి నవ్వుతాడు, కొడుకూ నవ్వుతాడు, ఆ నవ్వుకు స్నానాలగదిలోంచి మూడో నవ్వు తోడవుతుంది. తండ్రి రహస్యం బయటపడడానికి కారణం తండ్రి దగ్గర నేర్చుకున్న వెటకారమే. మిల్లర్ ఈ కుటుంబం తప్పునీ ఆ తప్పు బయటపడడాన్నీ ఒకే నవ్వులో కలిపి పెట్టాడు. నాటకమంతటిలో నాకు అన్నిటికన్నా పకడ్బందీగా తోచే క్షణం ఇది.

ఇక బెర్నార్డ్ చెప్పే మాట మరవకూడదు. లెక్కల్లో తప్పాక బిఫ్ ఏమీ కుంగిపోలేదు, వేసవి బడిలో చేరడానికి సిద్ధంగా ఉన్నాడు. నెలరోజులు కనబడకుండా పోయి వచ్చాకనే, వర్జీనియా యూనివర్సిటీ పేరు రాసుకున్న బూట్లను నేలమాళిగలో తగలబెట్టాడు. అంటే బోస్టన్ అతన్ని పడగొట్టలేదు, పడ్డవాణ్ణి లేవకుండా చేసింది. ఎవరినైనా మాటలతో ఒప్పించగలడనుకున్న నాన్న మాట చెల్లని మాటని తెలిశాక, ఆ నాన్న కోసం కట్టుకున్న భవిష్యత్తు కూడా చెల్లకుండా పోయింది.

మరొక్కటి. బోస్టనే కారణమని నాటకంలో నమ్మేది ఎవరు? విల్లీ. కొడుకు తన మీద కసితోనే చెడిపోతున్నాడని చివరిదాకా అంటూనే ఉంటాడు. బిఫ్ మాత్రం ఆఖరి తగాదాలో హోటల్ ఊసే ఎత్తడు. తనను ఉబ్బించి ఉబ్బించి ఎవరి కిందా పనిచేయలేనివాడిగా తయారుచేశావని తండ్రితో అంటాడు, కాన్సాస్ సిటీలో సూటు దొంగిలించి జైలుకు వెళ్ళానని చెబుతాడు, బడి వదిలినప్పటి నుంచీ చేరిన ప్రతి మంచి ఉద్యోగాన్నీ దొంగతనంతోనే పోగొట్టుకున్నానని ఒప్పుకుంటాడు. గాయపడ్డవాడు చెప్పే కారణం ఒకటి, గాయపరిచినవాడు ఊహించుకునే కారణం మరొకటి. నేనైతే గాయపడ్డవాడి మాటే తీసుకుంటాను.


జవాబు: చెన్నై పాత రిప్రజెంటేటివ్

నేను నాటకాల మనిషిని కాను. చెన్నైలో మందుల కంపెనీల తరఫున డాక్టర్ల గదుల బయట శాంపిల్ బ్యాగుతో నిలబడి రిటైరైనవాణ్ణి. ఈ నాటకాన్ని చాలా ఆలస్యంగా చదివాను, చదివిన ప్రతిసారీ అంకెల దగ్గరే ఆగిపోతాను. పైన రాసినవారు ఉద్యోగం సంగతిని తేల్చకుండా వదిలేశారు కాబట్టి నాకు తెలిసిన దారిలో చెబుతాను.

మొదటి అంకంలో విల్లీ టూరు నుంచి వచ్చి ప్రావిడెన్స్‌లో 500 గ్రోసులు (గ్రోసంటే పన్నెండు డజన్లు), బోస్టన్‌లో 700 గ్రోసులు అమ్మానంటాడు. లిండా పెన్సిల్ తీసి లెక్క వేస్తుంది, కమిషన్ 212 డాలర్లు. ఆమె ముఖం వెలగగానే అతను నసగడం మొదలుపెడతాడు. ప్రావిడెన్స్‌లో ఒక 180 అనుకో అంటాడు, కాదు, టూరు మొత్తం మీద సుమారు 200 అంటాడు. 70 డాలర్ల పైచిల్లర. ఆమె చాలా బాగుందని మెచ్చుకుని, అదే గొంతుతో ఫ్రిజ్‌కు 16, వాషింగ్ మెషీన్‌కు 9 డాలర్ల 60 సెంట్లు, పైకప్పు బాకీ 21 అని చదువుకుంటూ పోతుంది. పదిహేనో తారీఖులోపు కట్టవలసింది 120కి చేరుతుంది. (1200 గ్రోసులకు 212 వస్తే 200 గ్రోసులకు 70 ఎలా వస్తుందని నాలోని రిప్రజెంటేటివ్ అడుగుతాడు. దామాషా కలవదు. ఆ ఇంట్లో ఏ లెక్కా కలవదు కనుక నేను మిల్లర్ మీద పోట్లాటకు దిగను.)

మా పనిలో నెలాఖరు అంటే ఏమిటో ఆ దృశ్యంలో ఉంది. పై ఆఫీసరు ఫోన్ చేసి ఎంతైందని అడిగితే, అయినది చెప్పేవాళ్ళు తక్కువ, అవుతుందన్నది చెప్పేవాళ్ళు ఎక్కువ. ఒక స్టాకిస్టు ఆర్డరు రేపు వస్తుందన్న ధైర్యంతో ఈరోజే దాన్ని లెక్కలో కలిపేస్తాము. ఆఫీసుకు చెప్పిన అంకెనే ఇంట్లోనూ చెప్పాలి, లేకపోతే రెండు అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టం. విల్లీ అబద్ధాలకోరు అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. మన గిరీశం కోతలు అవతలివాళ్ళను పడేయడానికి, ఎంత కోశాడో అతనికి తెలుసు. విల్లీ తన కోతను ముందు తానే నమ్ముతాడు. వృత్తి నేర్పిన అలవాటు ఇంట్లోకి వచ్చి పిల్లల పెంపకంగా మారింది. బిఫ్‌ను ఉబ్బించినది అదే నోరు.

యజమాని కొడుకు హోవర్డ్ ఆఫీసు దృశ్యం చూడండి. ఊళ్ళు తిరగలేను, న్యూయార్క్‌లోనే ఏదైనా పని చూపించమని వెళ్ళినవాడు వారానికి 65 డాలర్లు అడుగుతాడు. నిమిషాల్లో 50కి దిగుతాడు, తరువాత 40 చాలంటాడు. ఆ కుర్రయజమాని కొత్తగా కొన్న శబ్దగ్రాహక యంత్రంలో తన పిల్లల గొంతులు వినిపించే సరదాలో ఉంటాడు. తన విషయంలో అంకెను అలా దించుకుంటూ పోయిన మనిషి, అంతకు ముందు రాత్రి కొడుకు విషయంలో పైకి ఎగదోశాడు. తన పాత యజమాని బిల్ ఆలివర్ దగ్గర పదివేల పెట్టుబడి అడుగుతానని బిఫ్ అంటే, నువ్వెప్పుడూ తక్కువే అడుగుతావని మందలించి పదిహేనువేలంటాడు. చివరికి 108 డాలర్ల బీమా ప్రీమియం కోసం పక్కింటి చార్లీ ముందు చేయి చాపినవాడు, ఆ బీమా ఇచ్చే 20,000 కోసం ప్రాణం తీసుకుంటాడు. ఆ డబ్బైనా కంపెనీ ఇస్తుందన్న భరోసా నాటకంలో లేదు. ఇవ్వకపోవచ్చని చనిపోయినా అతని ఊహలోకి వచ్చే అన్న బెన్ ముందే అంటాడు.

అందువల్ల హోటల్ గదికి నేను మీ అందరికంటే తక్కువ బరువు ఇస్తాను. ఊళ్ళు తిరిగేవాడి ఒంటరి రాత్రిలో జరిగిన తప్పు అది, సమర్థించను. ఆ స్త్రీ ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసే మనిషి, ఇక మీదట నేరుగా బయ్యర్ల దగ్గరికే పంపిస్తానని విల్లీకి మాట ఇస్తుంది. అక్కడ కూడా అతను వెతుక్కున్నది ఆర్డరే.


జవాబు: జయనగర్ పాఠకురాలు

మీ ముగ్గురి మాటల్లోనూ లిండా పెన్సిల్ పట్టుకుని లెక్కలు వేసే ఇల్లాలిగానే వచ్చింది. ఆమెను అంత సాదాసీదాగా వదలడం నాకు నచ్చలేదు. గతంలో ఒక ప్రదర్శన కోసం ఆ పాత్రను చదివి సిద్ధం చేసుకున్నదాన్ని కాబట్టి కొంచెం పంతంగానే రాస్తున్నాను.

ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి లిండా. చార్లీ దగ్గర వారానికి 50 డాలర్లు తెచ్చి జీతమని భర్త తన చేతిలో పెడుతున్నాడని ఆమెకు తెలుసు. కారు ప్రమాదాలు ప్రమాదాలు కావని తెలుసు. నేలమాళిగలో గ్యాసు గొట్టానికి తగిలించడానికి సిద్ధంగా పెట్టిన రబ్బరు ట్యూబు సంగతి తెలుసు. రోజూ పగలు దాన్ని తీసేస్తుంది, అతను ఇంటికి వచ్చే వేళకు మళ్ళీ ఉన్నచోటే పెట్టేస్తుంది. అడిగితే అతన్ని అవమానించినట్టు అవుతుందని భయం. ప్రాణం కంటే పరువు నిలబెట్టడమే ప్రేమ అనుకునే ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఇంటాయన ఉద్యోగం పోయిన సంగతి అత్తవారికి తెలియకూడదని, రోజూ అదే వేళకు బ్యాగు తగిలించి క్యాబ్ ఎక్కించే ఇల్లాళ్ళు ఈ బెంగళూరులోనూ ఉన్నారు.

అంతేకాదు, బెన్ అలాస్కాలో పని చూసుకోమని పిలిచిన రోజున విల్లీని ఆపింది ఎవరు? ఇక్కడ నీకు మంచి ఉద్యోగం ఉంది, పెద్దాయన వాగ్నర్ నిన్ను కంపెనీలో భాగస్వామిని చేస్తానన్నాడు కదా అని గుర్తుచేసింది లిండాయే. ఆ మాట నిజమో, విల్లీ ఇంటికి తెచ్చిన మరో 1200 గ్రోసుల లాంటిదో మనకు ఎప్పటికీ తెలియదు. ఆమెకు మాత్రం అది నమ్మదగిన మాట. చెన్నై నుంచి రాసినవారు చెప్పిన ఆ వృత్తి అలవాటుకు ఇంట్లో కాపలా కాసింది ఈవిడ.

బోస్టన్ సంగతికి వస్తే, అది తెలియనిది లిండాకే. ఆమె చిరిగిన మేజోళ్ళు కుట్టుకుంటుంటే అతను కసురుకుని పారేయమంటాడు, ఆమె మారు మాట్లాడకుండా జేబులో పెట్టుకుంటుంది. హోటల్లోని స్త్రీ మాత్రం మాటిచ్చిన మేజోళ్ళు ఇవ్వందే కదలనంటుంది, అవి అమ్మవని బిఫ్ ఏడుస్తాడు. చివరి భాగంలో సమాధి దగ్గర కూర్చుని, ఇంటి ఆఖరి వాయిదా ఈరోజే కట్టాను, అప్పులన్నీ తీరాక ఇలా ఎందుకు చేశావో నాకు అర్థం కావడం లేదని ఆమె అంటే, అది ఒట్టి శోకం మాట కాదు. ఆమెకు నిజంగానే ఒక కాగితం తక్కువ అందింది. ఆ తక్కువైన కాగితం మీ దగ్గర ఉందన్న స్పృహతో బిఫ్ పాత్రధారి ఆమె పక్కన నిలబడాలి. హోటల్ దృశ్యం బరువు ఎంతని అడిగారు కదా, నన్నడిగితే ఆ బరువు పడవలసిన చోటు సమాధి దగ్గరే.


జవాబు: వైట్‌ఫీల్డ్ పాఠకుడు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. జయనగర్ నుంచి రాసినవారి జవాబు చూశాక మల్లేశ్వరం వారి వాదంలో ఒక చోట నాకు అభ్యంతరం కలుగుతోంది. ఆఖరి తగాదాలో బిఫ్ బోస్టన్ పేరెత్తలేదన్నది నిజమే. కానీ ఆ గదిలో తల్లి నిలబడి ఉంది. మొదటి అంకంలో కూడా ఆయనతో గొడవ ఏమిటని ఆమె నిలదీస్తే, నాన్న బూటకపు మనిషని మాత్రం అని అక్కడే ఆగిపోతాడు. పేరెత్తకపోవడాన్ని కారణం కాదనడానికి సాక్ష్యంగా తీసుకోలేము. అమ్మ ముందు మింగేసిన మాట కూడా కావచ్చు.

ఇంకొకటి, మిల్లర్ ఈ నాటకానికి మొదట అనుకున్న పేరు ‘అతని తల లోపల’ అన్న అర్థం వచ్చేది. మనం చూసేదంతా విల్లీ బుర్రలో తిరిగే క్రమంలో చూస్తున్నాము. లిండా మాట పూర్తి కాకముందే ఆ స్త్రీ నవ్వు వచ్చి కలుస్తుంది. ఆ బుర్రలో బోస్టనే కేంద్రమైనప్పుడు ప్రేక్షకుడికి మాత్రం వేరే కేంద్రం ఎక్కడ దొరుకుతుంది?

మాకు సెట్టు లేదు. 1949లో జో మీల్జినర్ వేసిన సెట్టులో గోడలు పారదర్శకంగా ఉండేవనీ, వర్తమానంలో పాత్రలు తలుపులోంచే రావాలనీ, గతంలోకి వెళ్ళినప్పుడు గోడలోంచి నడిచి రావచ్చనీ చదివాను. మేము నేల మీద చాక్‌పీసుతో గోడలు గీద్దామనుకుంటున్నాము. చుట్టూ అపార్టుమెంట్లు లేచి ఎండ పడని ఆ బ్రూక్లిన్ ఇంటి పెరడు మాత్రం మావాళ్ళకు వివరించనక్కరలేదు, థర్టీ ఫార్టీ సైటులో ఇల్లు కట్టుకుని నాలుగు పక్కలా ఐదంతస్తులు చూస్తున్నవాళ్ళు మా బృందంలోనే ఉన్నారు.


జవాబు: మల్లేశ్వరం ప్రేక్షకుడు

తల్లి ఎదుట ఉందన్న మాటలో బలం ఉంది. అయినా నా వాదాన్ని మరో మెట్టు మీద నిలబెడతాను. తానూ తండ్రీ రూపాయికి పదిమంది దొరికే మనుషులమేనని బిఫ్ చివర్లో అరుస్తాడు. ఆ జ్ఞానం బోస్టన్‌లో కలిగినది కాదు. బోస్టన్‌లో అతనికి తెలిసింది నాన్న గురించి మాత్రమే. తన గురించి తెలిసింది అదే రోజు పగలు బిల్ ఆలివర్ ఆఫీసులో. తాను అక్కడ సేల్స్‌మన్‌గా పనిచేశానని ఇన్నేళ్ళుగా ఇంట్లో అందరితోపాటు తానూ నమ్మాడు, నిజానికి సరుకు పంపే గుమాస్తా. ఆలివర్ అతన్ని గుర్తుపట్టనైనా లేదు. బల్లమీది ఫౌంటెన్ పెన్ను జేబులో వేసుకుని పదకొండు అంతస్తులు మెట్లమీద పరిగెత్తుకొచ్చి మధ్యలో ఆగిపోయి, ఇది నేను ఎందుకు తీశానని తనను తాను అడుగుతాడు. నన్నడిగితే మీ గొంతు అక్కడ మారాలి, హోటల్ గదిలో కాదు. హోటల్లో ఏడ్చేది 17 ఏళ్ళ పిల్లవాడు, మెట్లమీద ఆగినవాడు 34 ఏళ్ళ మనిషి.

కేంద్రం గురించి ఒక్కమాట. 1983లో మిల్లర్ స్వయంగా బీజింగ్ వెళ్ళి అక్కడి నటులతో ఈ నాటకాన్ని చైనీస్‌లో ప్రదర్శింపజేశాడు. అనువాదమూ విల్లీ పాత్రా యింగ్ రుఒచెంగ్‌వే. ఊళ్ళు తిరిగే సేల్స్‌మన్, బీమా డబ్బు అన్నవి ఆనాటి అక్కడి జీవితానికి బొత్తిగా పరాయి విషయాలు, అయినా నాటకం జనానికి అందింది. కాబట్టి మీ హాల్లోని ప్రేక్షకుడికి ఏ కేంద్రం చూపించాలా అని మరీ బెంగపడకండి.


జవాబు: చెన్నై పాత రిప్రజెంటేటివ్

అందరూ బిఫ్ దగ్గరే తిరుగుతున్నారు, రెండోవాడు హ్యాపీని విల్లీ మరిచిపోయినట్టే మనమూ మరిచిపోయాము. బరువు తగ్గాను చూశావా నాన్నా అని చిన్నప్పుడు వాడు అడిగితే ఎవరూ పలకరు. త్వరలో పెళ్ళి చేసుకుంటానంటే తల్లి ఒక్కముక్కతో పడుకోమంటుంది. హోటల్ గదిలో వాడు లేడు, అక్కడ ఏం జరిగిందో వాడికి తెలుసని నాటకం ఎక్కడా చెప్పదు. అయినా ఉద్యోగం గురించి ఉన్నదానికంటే పెద్దగా చెప్పుకుంటాడు, అసిస్టెంటుకు అసిస్టెంటునన్న సంగతి దాస్తాడు. తండ్రి కల మంచిదేననీ, ఈ ఊళ్ళోనే ఉండి ఆయన తరఫున గెలిచి చూపిస్తాననీ సమాధి దగ్గర ప్రకటిస్తాడు. బోస్టన్ లేకుండానే తయారైన విల్లీ వాడు. మీ ప్రశ్నకు నా దృష్టిలో ఇంతకంటే నేరైన జవాబు లేదు.

అందుకని నిడివి ఎక్కువైందని చివరి భాగాన్ని కత్తిరించకండి. పాత్రలు పంచేటప్పుడు, చివర్లో మిగిలిపోయినవారికి హ్యాపీని అంటగట్టడం మీ బృందంలో అలవాటైతే ఈసారి మాత్రం వాడికి ముందుగా మనిషిని చూడండి.